పరుగుల్ని రెండుతో గుణించండి: టెస్టుల్లో దూకుడు ఆల్‌రౌండర్‌కి విలువ కట్టే పద్ధతి

2024 డిసెంబర్ 28న మిర్యాలగూడలో మా మిల్లు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఒక్క ఫోన్ చుట్టూ పదిమంది మూగారు. మెల్‌బోర్న్‌లో నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉన్నాడు, తొమ్మిది వికెట్లు పడిపోయాయి, స్ట్రైక్‌లో మన సిరాజ్. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. వైజాగ్ పిల్లాడి సెంచరీ హైదరాబాద్ పిల్లాడి డిఫెన్స్ మీద ఆధారపడ్డ ఆ రెండు నిమిషాలు హమాలీలు బస్తాలు దించడం కూడా ఆపేశారు. సిరాజ్ మూడూ ఆపాడు. తర్వాతి ఓవర్లో బోలండ్‌ని నితీశ్ ఫోర్ కొట్టి వంద దాటాడు. చాయ్ హోటల్ ఆయన ఆ రౌండుకి పైసలు తీసుకోలేదు.

ఆ 114 గురించి ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. అయితే దానికి నెల ముందు పెర్త్‌లో అతనే చేసిన 38 ఎంతమందికి గుర్తుంది? నా లెక్కలో ఆ 38 ఎక్కువ విలువైనది. ఈ మాట అన్నందుకు ఆ హోటల్లోనే నాతో కొట్లాడినవాళ్లున్నారు, కాబట్టి ఆ లెక్క ఎలా వేస్తానో మొత్తం ఇక్కడ రాస్తున్నా. టీవీలో టెస్టు చూసేవాళ్లకి పనికొస్తుంది, ఎండాకాలం సెలవుల్లో ఎర్రబంతితో రెండ్రోజుల మ్యాచ్ ఆడే మనలాంటి కెప్టెన్లకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ముందు చేయాల్సింది సగటును పక్కన పెట్టడం. నేను మిల్లులో లెక్కలు రాసే గుమస్తాని, సగటు మీద నాకేం పగ లేదు. కానీ వడ్లు కాంటా మీద పెట్టగానే బరువు చూసి ఎవడూ ధర కట్టడు కదా, గుప్పెడు గింజలు తేమ మీటర్లో పోసి చూస్తారు, సర్కారు కొనుగోలు కేంద్రంలోనైతే 17 శాతం దాటితే మళ్లీ ఆరబోసుకు రమ్మంటారు. సగటు అంటే కాంటా మీద బరువు. ఆ పరుగులు ఎప్పుడొచ్చాయి, అప్పుడు జట్టుకి ఏం కావాలి, అవతలివాళ్ల దగ్గర ఏం మిగిలింది, ఇవన్నీ తేమ లెక్క. దూకుడుగా ఆడే ఆల్‌రౌండర్‌కి ఈ రెండోది చూడకుండా విలువ కడితే ప్రతిసారీ తప్పే వస్తుంది, ఎందుకంటే అతను ఔటయ్యే తీరు చూడ్డానికి ఎప్పుడూ అసహ్యంగానే ఉంటుంది. గాల్లోకి లేపి లాంగాన్‌లో క్యాచ్ ఇచ్చాడంటే కామెంటరీలో, హోటల్లో, ఇంట్లో అందరూ తిడతారు. అదే 38 పరుగుల్ని 110 బంతుల్లో చేసి స్లిప్‌లో, అంటే కీపర్ పక్కన నిలబడ్డ ఫీల్డర్‌కి, దొరికిపోతే "మంచి బంతి పడిందిలే పాపం" అంటారు.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఆల్‌రౌండర్ బ్యాటింగ్‌కి దిగగానే అప్పటి స్కోరు, ఎన్నో ఓవరు, రెండో కొత్త బంతికి ఇంకా ఎన్ని ఓవర్లుందో రాయండి. టెస్టులో 80 ఓవర్లు దాటాక కొత్త బంతి తీసుకోవచ్చు, కాబట్టి 62వ ఓవర్లో దిగినవాడికీ 79వ ఓవర్లో దిగినవాడికీ ఒకే పని ఉండదు. మొదటివాడు మెత్తబడ్డ బంతితో పద్దెనిమిది ఓవర్లు దండుకోవచ్చు. రెండోవాడు ముందు బతకాలి.

తర్వాత అతను ఔటయ్యాక (లేదా ఆలౌట్ కాకముందే కెప్టెన్ ఇన్నింగ్స్ ఆపేసి డిక్లేర్ చేశాక) ఈ చిన్న లెక్క వేయండి: అతని పరుగుల్ని రెండుతో గుణించి, అతను ఆడిన బంతులు తీసేయండి. టెస్టులో ఓవర్‌కి మూడు పరుగులు మామూలు వేగం అనుకుంటే ఒక్కో పరుగుకి రెండు బంతులు పడతాయి, అందుకే రెండు. మీ గ్రౌండ్ చిన్నదై ఓవర్‌కి నాలుగు సులువుగా వస్తుంటే ఒకటిన్నరతో గుణించండి, ఎవరూ అడగరు. మిగిలిన సంఖ్య అతను మీ బౌలర్లకి దాచిపెట్టిన బంతులు.

ఇప్పుడు పెర్త్‌కి వద్దాం. మొదటి ఇన్నింగ్స్‌లో మనం 150కే ఆలౌట్, అందులో అందరికంటే ఎక్కువ చేసింది మొదటి టెస్టు ఆడుతున్న నితీశే, 41. ఆస్ట్రేలియా 104కి కుప్పకూలింది. రెండో ఇన్నింగ్స్‌లో జైస్వాల్, రాహుల్, కోహ్లీ దంచారు, మూడో రోజు సాయంత్రం నితీశ్ వచ్చి 27 బంతుల్లో 38 నాటౌట్. లెక్క వేయండి: 76 లోంచి 27 పోతే 49. అంటే ఎనిమిది ఓవర్ల ఒక బంతి. కోహ్లీ వంద కాగానే 487/6 దగ్గర డిక్లేర్ చేశారు. ఆ సాయంత్రం ఐదు ఓవర్లు కూడా నిండకముందే ఆస్ట్రేలియా 12కి 3. ఆ మూడింట్లో బుమ్రాకి రెండు, సిరాజ్‌కి ఒకటి, స్కోర్‌కార్డులో నితీశ్ పేరు ఎక్కడా లేదు. కానీ ఆ ఐదు ఓవర్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? అతను దాచిన ఎనిమిదిలోంచే. రోజంతా ఫీల్డింగ్ చేసి కాళ్లు పీకుతున్న ఓపెనర్లని, వెలుతురు తగ్గుతున్న వేళ కొత్త బంతితో బుమ్రా ముందుకి పంపడానికి దొరికిన ఓవర్లవి. డిక్లరేషన్ కోహ్లీ సెంచరీ కోసం ఆగిందంటారా, నిజమే, అందుకే అవతలి ఎండ్‌లో వేగంగా కొట్టేవాడు ఉండటం ఇంకా అవసరమైంది. నితీశ్ 38ని 70 బంతుల్లో చేసుంటే ఆ మూడు వికెట్లు మర్నాటి పొద్దుటికి వాయిదా పడేవి.

మెల్‌బోర్న్‌లో ఇదే లెక్క వేస్తే 228 లోంచి 189 పోను 39 వస్తుంది. కానీ అక్కడ ఆ 39కి అర్థమే లేదు, ఎందుకంటే ఆ రోజు మనకి టైమ్ మిగలక్కర్లేదు, గడవాలి. ఆస్ట్రేలియా 474, మనం 221/7, ఫాలోఆన్ (వెనకబడ్డ జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్ చేయాల్సి రావడం) తప్పాలంటే 275 కావాలి. అలాంటప్పుడు ఆడిన బంతులు తీసివేత కాదు, కూడిక. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 జోడించడం, అతను 50 చేసేదాకా తను కూడా నిలబడటం, ఇవే అక్కడి విలువ. చివరికి ఆ మ్యాచ్ 184 పరుగులతో ఓడాం, బౌలింగ్‌లో అతనికి వికెట్ కూడా రాలేదు. పెర్త్‌లో మాత్రం గెలిచాం. నేను 38ని 114 కన్నా పైన పెట్టేది అందుకే. గొప్ప ఇన్నింగ్స్ ఏదంటే 114 అనే చెప్తా, దాని గురించి గొడవ లేదు. మ్యాచ్‌కి పనికొచ్చింది ఏది అన్నదే ఇక్కడ ప్రశ్న.

కాబట్టి లెక్క వేసే ముందు ఒక్క ముక్క రాసుకోండి: "టైమ్ కావాలి" లేదా "టైమ్ పోవాలి". ఇది రాయకుండా కూడికలు తీసివేతలు చేస్తే తేమ చూడకుండా చిట్టీ రాసినట్టే.

దాచిన టైమ్ కూడా దానంతటది వికెట్ల కింద మారిపోదు. 2016 జనవరిలో కేప్‌టౌన్‌లో బెన్ స్టోక్స్ 198 బంతుల్లో 258 కొట్టాడు, పదకొండు సిక్సర్లు, బెయిర్‌స్టోతో ఆరో వికెట్‌కి 399. మన లెక్కలో 318 బంతులు, అంటే 53 ఓవర్లు, సగం రోజుకి మించి. ఇంగ్లండ్ 629/6 దగ్గర డిక్లేర్ చేసింది. అవతల దక్షిణాఫ్రికా రెండు వందలకు పైగా ఓవర్లు ఆడి 627/7 చేసి తనూ డిక్లేర్ చేసింది, మ్యాచ్ డ్రా. పిచ్ సిమెంటు రోడ్డులా ఉంటే 53 ఓవర్లు కాదు 153 దాచినా వృథానే. మన వైపు మ్యాటింగ్ వేసిన గ్రౌండ్లలో ఇది ఇంకో రకంగా ఉంటుంది, కొత్త బంతి పదిహేను ఓవర్లు ఎగిరెగిరి పడుతుంది, ఆ తర్వాత ఏం ఉండదు, కాబట్టి టైమ్ దాచినా మీ కొత్త బంతి బౌలర్ తాజాగా ఉన్న పూటకి ఆ టైమ్ అందేలా చూసుకోవాలి.

లెక్కలు చాలు, ఇప్పుడు కళ్లతో చూడాల్సింది. అతను క్రీజులోకి రాగానే మొదటి బంతికి ముందు స్లిప్‌లు ఎంతమందో లెక్కపెట్టండి. ఇరవై బంతులయ్యాక మళ్లీ లెక్కపెట్టండి. టెస్టుల్లో వన్డేల్లో లాగా సర్కిల్ గొడవ లేదు, లెగ్ సైడ్ స్క్వేర్ వెనక ఇద్దరికి మించి ఉండకూడదన్న నియమం తప్ప కెప్టెన్ ఎవర్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ముగ్గురు స్లిప్‌లు ఒక్కరయ్యారంటే, బౌండరీ దగ్గర డీప్ పాయింట్, లాంగాన్, డీప్ స్క్వేర్ లెగ్ మూడూ నిండాయంటే, అతను అప్పటికి పన్నెండు పరుగులే చేసి ఉన్నా సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే ఆ ఫీల్డర్లు అవతలి బ్యాట్స్‌మన్‌కి కూడా అంత తొందరగా వెనక్కి రారు. సింగిల్ తీసి వచ్చినవాడికి కూడా అదే చెల్లాచెదురు ఫీల్డు ఉంటుంది, ఎడ్జ్ తీసుకున్న బంతి స్లిప్‌లో ఎవరూ లేని చోట నుంచి థర్డ్‌మ్యాన్‌కి పోతుంది. 1981 హెడింగ్లీలో ఫాలోఆన్ ఆడుతూ 135/7 దగ్గర, ఇంకా ఇన్నింగ్స్ ఓటమే తప్పని స్థితిలో, బోథమ్ 149 నాటౌట్ చేశాడని అందరూ చెప్తారు. అవతలి ఎండ్‌లో బౌలర్ గ్రాహం డిల్లీ 56 చేశాడని ఎవరూ చెప్పరు. ఆ ఇద్దరూ 117 జోడించారు. ఆ పరుగుల వల్ల ఆస్ట్రేలియాకి 130 టార్గెట్ పెట్టగలిగారు, బాబ్ విల్లిస్ 43 పరుగులకి 8 వికెట్లు తీసి 111కే మడతపెట్టాడు. విల్లిస్ వేయడానికి ఒక ఇన్నింగ్స్ ఉండటమే బోథమ్ పెట్టిన భిక్ష.

మన తమ్ముళ్లు తరచుగా పొరబడేది ఇక్కడే, దూకుడు అంటే మొదటి బంతి నుంచి గుడ్డిగా ఊపడం అనుకుంటారు. 2019 హెడింగ్లీ చూడండి. ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో 67కి ఆలౌట్, టార్గెట్ 359. మూడో రోజు ఆట ముగిసేసరికి స్టోక్స్ స్కోరెంతో తెలుసా, 50 బంతులాడి 2. మర్నాడు తొమ్మిదో వికెట్ పడ్డాక ఇంకా 73 కావాల్సి ఉండగా మొదలుపెట్టాడు, జాక్ లీచ్‌తో 76 జోడించి గెలిపించాడు, అందులో లీచ్‌ది 17 బంతుల్లో ఒక్క పరుగు. చివరికి స్టోక్స్ 135 నాటౌట్, 8 సిక్సర్లు. ఇంకో సంగతి కూడా రాసుకోండి: అంతకుముందు ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో అతను 24.2 ఓవర్లు వేసి 56 పరుగులకి 3 వికెట్లు తీశాడు. ఆ ఓవర్లు లేకపోతే టార్గెట్ 359 దగ్గర ఆగేది కాదు.

అంటే బౌలింగ్ గడి కూడా అంతే ముఖ్యం. ఇందులో వికెట్ల కంటే ముందు అడగాల్సింది, ఏ ఓవర్లు వేశాడు? టెస్టులో రోజుకి 90 ఓవర్లు. నలుగురు బౌలర్లతో ఆడితే ఒక్కొక్కరి మీద ఇరవైకి పైగా పడతాయి, రెండో రోజుకి పేసర్ రనప్ కుంగిపోతుంది. ఆల్‌రౌండర్ ఒక్కడు రోజుకి పన్నెండో పదిహేనో వేస్తే మీ ప్రధాన పేసర్‌ని రెండో కొత్త బంతి దాకా దాచుకోవచ్చు. 60 నుంచి 80 ఓవర్ల మధ్య, బంతి మెత్తబడి, ఎండ నెత్తిన ఉండి, బ్యాట్స్‌మన్ కుదురుకున్న టైమ్‌లో వేసిన ఓవర్లని నేను నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాస్తా. అక్కడ 8 ఓవర్లు 15 పరుగులు, వికెట్ లేదు అన్నది మామూలు సంగతి కాదు. అతను ఒక ఎండ్ బిగిస్తే రెండో ఎండ్‌లో ఎవరు ఔటయ్యారో పక్కన రాయండి.

మా తాతల తరం హైదరాబాద్ అభిమానులు ఈ లెక్క ఏ నోట్‌బుక్కూ లేకుండానే చెప్పేవాళ్లు, సయ్యద్ అబిద్ అలీ పేరుతో. 1967 డిసెంబర్‌లో అడిలైడ్‌లో మొదటి టెస్టులోనే 55 పరుగులకి 6 వికెట్లు, అదే సిరీస్‌లో సిడ్నీలో 78, 81. ఆ తర్వాత చాలా మ్యాచ్‌ల్లో ఆయన పని కొత్త బంతి మెరుపు కాస్త పోగొట్టి స్పిన్నర్ల చేతికివ్వడమే. 29 టెస్టుల్లో 47 వికెట్లు, 1018 పరుగులు, అంకెలు చూస్తే ఏముంది అనిపిస్తుంది. 1971లో ఓవల్‌లో ఇంగ్లండ్ మీద మనం మొదటిసారి అక్కడ సిరీస్ గెలిచినప్పుడు చివరి ఫోర్ కొట్టింది మాత్రం ఆయనే.

అదే ఓవల్‌లో యాభై ఏళ్లకి, 2021లో, శార్దూల్ ఠాకూర్ నా నోట్‌బుక్‌కి నిండా పని పెట్టాడు. 127కి ఏడు పడ్డాక 36 బంతుల్లో 57, జట్టు మొత్తం చేసింది 191. రెండో ఇన్నింగ్స్‌లో 60. చివరి రోజు ఇంగ్లండ్ ఓపెనర్లు వంద దాకా లాగితే ఆ జోడీని విడదీసింది అతనే, తర్వాత రూట్‌ని బౌల్డ్ చేసింది కూడా అతనే. వికెట్లు లెక్కేస్తే ఆ ఇన్నింగ్స్‌లో రెండే, ఏ రెండు అన్నది చూడాలి. 127 కొట్టిన రోహిత్‌కి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఇచ్చారు, తప్పేం కాదు. 157 పరుగులతో గెలిచాం.

ఇంతా చెప్పి, దూకుడు ఎప్పుడు తప్పో చెప్పకపోతే సగమే చెప్పినట్టు. దీనికి కపిల్ దేవ్ ఒక్కడు చాలు. 1984 డిసెంబర్‌లో ఢిల్లీలో ఇంగ్లండ్ మీద మ్యాచ్ కాపాడుకోవాల్సిన చివరి రోజు భారీ షాట్‌కి వెళ్లి ఔటయ్యాడు, మ్యాచ్ పోయింది, తర్వాతి కోల్‌కతా టెస్టుకి జట్టులోంచి తీసేశారు. మొత్తం కెరీర్‌లో 131 టెస్టులాడిన మనిషి మధ్యలో తప్పిపోయింది ఆ ఒక్కటే. ఇప్పుడు 1990 లార్డ్స్. ఇంగ్లండ్ 653/4, గూచ్ ఒక్కడే 333. ఫాలోఆన్ తప్పాలంటే 454 కావాలి, మనం 430/9, అవతల పదకొండో నంబరు హిర్వాణీ. కపిల్ ఎడ్డీ హెమింగ్స్‌ని వరసగా నాలుగు సిక్సర్లు కొట్టాడు. నాలుగారులు ఇరవై నాలుగు, సరిగ్గా 454. తర్వాతి ఓవర్ మొదటి బంతికే హిర్వాణీ ఔట్. సింగిల్స్ తీస్తూ కూర్చుంటే ఆ ఇరవై నాలుగు ఎప్పటికీ వచ్చేవి కావు. అవతల ఉన్నవాడు ఎన్ని బంతులు ఆడగలడో చూసుకుని ఆడిన ఆటది, పిచ్చి బాదుడు అని ఎలా అంటారు? ఆ మ్యాచ్ కూడా 247 పరుగులతో ఓడాం, అది వేరే సంగతి. ఢిల్లీలో టైమ్ పోవాలి, లార్డ్స్‌లో పరుగులు అప్పటికప్పుడు కావాలి. బ్యాటూ అదే, మనిషీ అతనే.

ఫాలోఆన్ ఎంతో మీ మ్యాచ్‌కి తగ్గట్టు ముందే తెలుసుకోండి, చాలామంది కెప్టెన్లకి తెలీదు. ఐదు రోజుల మ్యాచ్‌లో 200 పరుగుల ఆధిక్యం, మూడు నాలుగు రోజులదైతే 150, రెండ్రోజులదైతే 100.

ఇప్పుడు మన గ్రౌండ్‌కి వద్దాం. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్లో ప్రతి ఎండాకాలం మేం రెండ్రోజుల ఫ్రెండ్లీ ఆడతాం, పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి పదకొండుకి ఆపి, మళ్లీ మూడున్నరకి. మా జట్టులో ఒక ఆల్‌రౌండర్ ఉన్నాడు, ఆటో నడుపుతాడు, వరసకి తమ్ముడవుతాడు. మీడియం పేస్ వేస్తాడు, కొడితే గ్రౌండ్ గోడ అవతల వెతుక్కోవాలి. మూడేళ్ల కింద వాణ్ని నేను ఎలా పాడుచేశానో చెప్తా. టాస్ గెలిచి బౌలింగ్ తీసుకున్నా, ఏప్రిల్ ఎండలో వాడితో 14 ఓవర్లు వేయించా, మూడు వికెట్లు తీశాడు, ఊపులో ఉన్నాడు కదా అని సాయంత్రం మూడో నంబర్లో బ్యాటింగ్‌కి పంపా. కొత్త బంతి ఎగురుతోంది, పిక్క పట్టేసి కాలు ముందుకి రావట్లేదు, నాలుగు పరుగులకి స్లిప్‌లో దొరికాడు. మేం 131కి ఆలౌట్. వాడు షూ విప్పుకుంటూ "అన్నా, నేను ఆటో కాదన్నా, డీజిల్ పోసినంతసేపు నడవడానికి" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచి వాడికి రోజు మొత్తం మీద ఓవర్ల పద్దు ఉంటుంది, తొమ్మిది లేదా పది, మూడేసి ఓవర్ల ముక్కలుగా. బ్యాటింగ్ వచ్చే ముందు గంట బౌలింగ్ ఉండదు. పొద్దున అంబలి, బ్రేక్‌లో ఉప్పేసిన మజ్జిగ, కూల్‌డ్రింక్ ముట్టనివ్వం. పెద్ద ఆటలో అన్ని వసతులు ఉన్నవాళ్లకే ఈ రెండు పనులు శరీరాన్ని తినేస్తున్నాయి: హార్దిక్ పాండ్యా పల్లెకెలెలో 108, ట్రెంట్‌బ్రిడ్జ్‌లో 28 పరుగులకి 5 వికెట్లు చూపించి కూడా 11 టెస్టులే ఆడాడు, 2018 తర్వాత టెస్టు ఆడలేదు. స్టోక్స్ 2025లో మాంచెస్టర్‌లో మన మీద ఐదు వికెట్లు, సెంచరీ రెండూ చేసి, భుజం దెబ్బతో తర్వాతి ఓవల్ టెస్టుకి బయటే కూర్చున్నాడు. మే నెల నల్లగొండ ఎండలో ఫిజియో లేని ఆటో డ్రైవర్ సంగతి మీరే ఆలోచించండి.

బ్యాటింగ్ ఆర్డర్‌లో ఆరో ఏడో చాలు, బంతి పాతబడ్డాకే దిగాలి. నెట్స్‌లో ఇరవై బంతులు డిఫెన్స్, తర్వాత పది బంతులు ఏదో ఒక్క బౌలర్‌నే టార్గెట్ చేసి కొట్టించండి, అందరినీ కొట్టడం నేర్పొద్దు. దిగేముందు వాడి చెవిలో "జాగ్రత్తగా ఆడు, కానీ కొట్టే బంతిని వదలకు" లాంటి మాటలు చెప్పకండి, దానికి అర్థం చెప్పినవాడికే తెలీదు. "ముప్పై ఓవర్లున్నాయి, డెబ్బై కావాలి, వాళ్ల ఎడంచేతి స్పిన్నర్ అలిసిపోయాడు" అని చెప్పండి, మిగతాది వాడు చూసుకుంటాడు. ఔటై వచ్చినప్పుడు మొహం మాడ్చుకోకండి. ఒకసారి మీరు మొహం మాడిస్తే వాడు తర్వాతి మ్యాచ్‌లో మీ కోసం ఆడతాడు, పరిస్థితి కోసం ఆడడు, అప్పుడు మీకు ఒక నాసిరకం డిఫెన్స్ బ్యాట్స్‌మన్ మిగులుతాడు.

ఇంకోటి, కొట్టేవాడల్లా ఆల్‌రౌండర్ కాదు. బ్యాటింగ్ ఒక్కటే అయినా, లేదా బౌలింగ్ ఒక్కటే అయినా జట్టులో పెట్టుకుంటారా అని అడగండి. రెండింటికీ "ఏమో" అని వస్తే వాణ్ని ఆదివారం టెన్నిస్ బాల్ టోర్నీకి తీసుకెళ్లండి, హాయిగా ఉంటాడు. అలాగే దూకుడు లేని ఆల్‌రౌండర్‌ని తక్కువ చేయొద్దు, దక్షిణాఫ్రికా కలిస్ టెస్టుల్లో 13,289 పరుగులు చేసి, 292 వికెట్లు తీసింది ఎవరినీ ఉరికించి కొట్టి కాదు. వాళ్లకి సగటు చూస్తే చాలు, అందుకే వాళ్ల గురించి ఇక్కడ రాయడానికి నాకేం లేదు.

పోయిన మే నెల మ్యాచ్ పేజీ నా నోట్‌బుక్‌లో ఉంది. మహబూబ్‌నగర్ పిల్లల మీద. మొదటి ఇన్నింగ్స్‌లో 17 ఆధిక్యం. రెండో రోజు మేం 35 ఓవర్లలో 96/4 దగ్గర నడుస్తుంటే తమ్ముడు దిగాడు. మొదటి బంతికి ఇద్దరు స్లిప్‌లు, తొమ్మిదో బంతికి ఒక్కరూ లేరు. 14 బంతుల్లో 23, లాంగాన్‌లో క్యాచ్. మేం 130/6 దగ్గర డిక్లేర్ చేసి 148 టార్గెట్ ఇచ్చాం, 38 ఓవర్లు. వాడు ఒక ఎండ్‌లో 9 ఓవర్లు వేసి 17 పరుగులే ఇచ్చాడు, వికెట్ పడలేదు, అవతలి ఎండ్‌లో మాత్రం ఆ తొమ్మిది ఓవర్లలో ముగ్గురు పోయారు. ఇంకా మూడు ఓవర్లుండగా వాళ్లు 119కి ఆలౌట్.

మ్యాచ్ అయ్యాక గడియారం సెంటర్ దగ్గర మిర్చి బజ్జీలు తింటుంటే వాడు నా నోట్‌బుక్ లాక్కుని చూశాడు. "పరుగులు 23, వికెట్లు సున్నా. ఏందన్నా ఇది, మా ఆవిడకి చూపిస్తే తంతది" అన్నాడు. పక్క గడిలో రాసిన 32 చూపించా. 46 లోంచి 14 పోతే 32 బంతులు, ఐదు ఓవర్ల రెండు బంతులు, మనం గెలిచింది మూడు ఓవర్లు మిగలగా, అవి నువ్వు దాచకపోతే డ్రా అయ్యేదిరా అని చెప్పా. కాసేపు బజ్జీ నములుతూ ఆలోచించాడు.

"అయితే 23, 32 కలిపి 55 అని రాయన్నా" అని, నేను రాసేదాకా ఊరుకోకుండా, ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని పోయాడు.